పెద్దమ్మ పెట్టె

మార్చి 2

పెద్దమ్మా!

కార్డు మీద చోటు తక్కువ, నా సంతోషం ఎక్కువ. అందుకని ముఖ్యమైనదొక్కటే రాస్తున్నాను. ఎక్స్‌రేలో దొరికింది! నల్లటిదే, అనుమానం లేదు. ఆరు వారాలుగా చూస్తున్నాం. పక్కనున్నదాన్ని రోజూ కొంచెం కొంచెం తినేస్తోంది. మా పెద్దాయన వచ్చే నెల నాలుగున అందరి ముందూ ప్రకటిద్దామన్నారు. అప్పటిదాకా అమ్మ చెవిన వెయ్యకు, వీధి వీధంతా చాటేస్తుంది. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు!

నీ టపాకాయ

*

మార్చి 6

ఒసేయ్ టపాకాయా,

నేను క్షేమం, నువ్వు క్షేమమా అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. నీ కార్డు పొద్దున పదిన్నరకి వచ్చింది. అప్పుడు ఒకాయన స్టాండుకి ఛాతీ ఆనించి నిలబడి ఉన్నాడు. "గట్టిగా ఊపిరి పీల్చండి, బిగబట్టండి" అని చెప్పి బటన్ నొక్కాను. బంట్రోతు బల్ల మీద పెట్టిపోయిన నీ కార్డు కంటపడింది. చదివాను. అంతే, "ఇక వదలండి" అనడం మరిచిపోయాను. పాపం ఆయన చెవులు వంకాయ రంగుకి తిరిగాక, అటు తిరిగి నిలబడే చెయ్యి ఊపాడు. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఎక్స్‌రేలో దొరకడమేమిటే? ఏ పక్క? ఎంతుంది? ఎవడు తీశాడు? ఇంట్లో ఎక్స్‌రేలు తీసే పెద్దమ్మని పెట్టుకుని ఆరు వారాలుగా ఎక్కడెక్కడో తీయించుకుంటున్నావా? అన్నిసార్లు తియ్యకూడదని కూడా తెలియదా ఆ మహానుభావుడికి?

నేను చెప్పేది జాగ్రత్తగా విను. మా ఫిల్ములో నల్లగా ఉందంటే కిరణాలు అడ్డం లేకుండా దూసుకుపోయాయని. అక్కడున్నది ఉత్త గాలి. ఊపిరితిత్తులు నల్లగానే ఉండాలి. భయపడాల్సింది తెల్లదానికి. నల్లటిది దొరికిందని నిన్ను బెదరగొట్టినవాడికి ఫిల్ము చదవడమే రాదు. కానీ "పక్కనున్నదాన్ని తినేస్తోంది" అన్నావు చూడు, ఆ మాట మాత్రం కొట్టిపారెయ్యలేను.

ఆ పెద్దాయన ఎవరు? జబ్బు పేరు చెప్పడానికి వచ్చే నెల నాలుగు దాకా ఆగాలా? పైగా అందరి ముందూ చెబుతాడా, సిగ్గులేకపోతే సరి! నీకు కాళ్ళు నేల మీద ఆనకపోవడం సంతోషం కాదమ్మా, అదిరిపాటు. మొదటి రోజుల్లో కొందరికి అలాగే ఉంటుంది.

ఫిల్ములన్నీ రెండు అట్టల మధ్య పెట్టి వంచకుండా పంపు. ఫోను చెయ్యకు. నా చెవి సంగతి తెలుసుగా, "బాగుంది" అన్నా "పోయింది" అన్నా నాకు ఒకేలా వినిపిస్తుంది. మీ అమ్మకి చెప్పలేదు. నా మొహం చూసి "ఏమైందే అక్కా" అని రెండుసార్లు అడిగింది. అజీర్తి అని చెప్పాను.

నీ పెద్దమ్మ

*

మార్చి 10

నా బంగారు పెద్దమ్మా,

ముందు ఊపిరి వదులు! నాకేం జబ్బు లేదు. గుండ్రాయిలా ఉన్నాను. నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది, మళ్ళీ నవ్వాను. తప్పంతా నాదే. ఎనిమిది నెలల కిందట ఈ పనిలో చేరినప్పుడు "శాటిలైటు ఆఫీసు" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. మేం ఎక్స్‌రేలు చూసేది మనుషులకి కాదు, ఆకాశానికి.

వివరంగా చెబుతాను, కుర్చీలో కూర్చుని చదువు. మాది కొత్త ఉపగ్రహం. దానిమీద ఎక్స్‌రేలు పట్టుకునే టెలిస్కోపు ఉంది. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రేలని గాలి కిందికి రానివ్వదు కాబట్టి పైకి పోయి చూడాలి. గంటన్నరకోసారి అది మా నెత్తి మీంచి పోతూ, చూసిందంతా కిందికి దింపుతుంది. మా గది నీ చీకటి గది కన్నా కాస్త పెద్దది. అయిదు కంప్యూటర్లు, మరకలు పోని తెల్లబోర్డు, సైకిళ్ళ షెడ్డు వైపు ఒక కిటికీ. తలుపు దగ్గర మా పెద్దాయన చెప్పులుంటాయి. అవి ఉంటే ఆయన ఉన్నట్టు. పెద్దాయనంటే డాక్టరు కాదు, మా జట్టుకి పెద్ద. మాట తక్కువ, కనుబొమలు ఎక్కువ.

మేం చూస్తున్నదానికి ఒక పొడుగాటి నంబరుంది. నేను మాత్రం "తిండిపోతు" అంటాను. అక్కడ ఒక మామూలు నక్షత్రం, దాని పక్కనే కంటికి కనబడనిది ఒకటీ ఉన్నాయి. ఆ కనబడనిది నక్షత్రం ఒంటిమీది పదార్థాన్ని లాక్కుంటుంది. లాక్కున్నది తిన్నగా పడదు, గిరగిరా తిరుగుతూ పడుతుంది. తిరిగేటప్పుడు దానిలో అదే రాసుకుని కోట్ల డిగ్రీల వేడెక్కుతుంది. ఆ వేడికి వెలిగేదే ఎక్స్‌రే!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ కనబడనిది ఏమిటి? రెండే అవకాశాలున్నాయి. ఒకటి న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడి కన్నా బరువు, అయినా ఒక ఊరంత వెడల్పే. అంత చిన్నదైనా దానికి గట్టి నేల ఉంటుంది. పడింది నేలమీద పేరుకుంటూ పేరుకుంటూ, ఉన్నట్టుండి ఒక్కసారిగా భగ్గుమంటుంది. నేను దాన్ని త్రేన్పు అంటాను. రెండోది కృష్ణబిలం. దానికి నేలే లేదు. పడ్డది పడ్డట్టే మాయం. తినడమే తప్ప త్రేన్చడం ఉండదు. ఆరు వారాలుగా చూస్తున్నాం పెద్దమ్మా, మా తిండిపోతు ఒక్కసారి కూడా త్రేన్చలేదు! మిగతా లక్షణాలన్నీ కృష్ణబిలానివే. అదే నా నల్లటిది.

ముందు కనిపెట్టింది నేనే. వచ్చే నెల నాలుగున పెద్ద సభ ఉంది, ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. అక్కడ నేను నిలబడి "ఇది కృష్ణబిలం" అని చెప్పాలి. నా ఉద్యోగం జూను దాకానే అని తెలుసుగా. ఈ ఒక్కటి నిలబడితే నన్ను ఉంచేసుకుంటారు. నిలబడకపోతే ఎనిమిది నెలల పని గంగలో కలిసినట్టే. కానీ ఎందుకు నిలబడదు? నిలబడుతుంది!

నీ టపాకాయ

*

మార్చి 14

టపాకాయా,

నీకు జబ్బు లేదని తెలిసి కడుపు నిండిపోయింది. ఆ తర్వాత నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, నువ్వు దగ్గరుంటే చెవి మెలిపెట్టేదాన్ని. కృష్ణబిలం అని ఒక్క ముక్క రాయడానికి కార్డు మీద చోటు లేకపోయిందా?

నాకొకటి అంతుపట్టక రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అంత దూరంలో ఆ తిండిపోతు వెనకాల నిలబడి కిరణాలు వేసేది ఎవరా అని. మా దగ్గర మిషను ఇటు, ఫిల్ము అటు, మధ్యలో రోగి. మీ దగ్గర మిషనే లేదని నిన్న రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు తట్టింది. రోగే వెలుగుతున్నాడు! ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే ఉండిపోయాను. ముప్పై ఒక్కేళ్ళలో నాకు అలాంటి రోగి ఒక్కడూ తగల్లేదే.

సరే, ఇప్పుడు పెద్దమ్మలా కాదు, ఎక్స్‌రేలు చూసే మనిషిలా అడుగుతున్నాను. "ఒక్కసారి కూడా త్రేన్చలేదు" అన్నావు. మీరు తీసినవన్నీ చూసి అంటున్నావా, బాగా వచ్చినవి మాత్రమే చూసి అంటున్నావా? మీకూ పాడైన ఫిల్ములుంటాయి కదా. వాటిని ఎవరు చూస్తారు?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి ఇది. పందొమ్మిదేళ్ళ కింద ఒక దర్జీ వచ్చాడు. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చాడు. బటన్ నొక్కిన క్షణంలోనే దగ్గాడు. ఫిల్ము చెదిరింది. దాన్ని రిజెక్ట్ పెట్టెలో పడేసి రెండోది తీశాను. రెండోది అద్దంలా వచ్చింది. డాక్టరు అదే చూసి ఏమీ లేదన్నారు. ఎనిమిది నెలలకి అతను మళ్ళీ వచ్చాడు, ఈసారి చక్రాల కుర్చీలో. నాకెందుకో మనసులో పీకింది. ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది, పాడైనవాటిని ఆ వెండి తీసేవాళ్ళ కోసం మూటలు కట్టి ఉంచుతాం. మూటలన్నీ విప్పి మొదటి ఫిల్ము పట్టుకున్నాను. దగ్గినప్పుడు అతని భుజం కొంచెం పక్కకి జరిగింది. రెండోదాంట్లో మెడ కింది ఎముక వెనక దాక్కున్న తెల్ల మచ్చ, ఆ చెదిరినదాంట్లో బయటికి వచ్చి కూర్చుంది. కందిగింజంత ఉంది. అతను బతకలేదు. ఆ ఫిల్ము నా బీరువాలోనే ఉంది.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి పని రోజున రిజెక్ట్ పెట్టె బల్ల మీద బోర్లిస్తాను. ఒక్కో ఫిల్మూ దీపం ముందు పెట్టి, ఎందుకు పాడైందో రాస్తాను. ఒక్కటే సూత్రం. ఫిల్ము మొత్తం మసకబారితే తప్పు మనది. ఒక్కచోటే తేడా ఉంటే అది రోగిది. నువ్వు కూడా మీ పెట్టె బోర్లించు తల్లీ. నాలుగో తారీకు లోపలే.

నేను రాస్తుంటే మీ అమ్మ వెనకనుంచి వచ్చి నీ ఉత్తరం సగం చదివేసింది. నేను లాక్కున్నాను. ఎంతవరకు చదివిందో తెలియదు.

నీ పెద్దమ్మ

*

మార్చి 18

పెద్దమ్మా,

దర్జీ సంగతి రెండుసార్లు చదివాను. నా దగ్గరే దాచుకుంటాను.

కానీ కోపం తెచ్చుకోకు, ఇది ఆస్పత్రి కాదు. మా ఉపగ్రహం తిరిగే దారిలో ఒకచోట కణాల గాలివాన ఉంటుంది. అందులోంచి పోయేటప్పుడు లెక్కలు అడ్డదిడ్డంగా ఎగిరిపడతాయి. అందుకని ఒక ప్రోగ్రాము రాసి పెట్టారు. లెక్క ఉన్నట్టుండి ఎగిరిన చోటల్లా అది కత్తెర వేసి, ఆ ముక్కని పక్కన పడేస్తుంది. ఆరు వారాల్లో నలభై ఒక్క ముక్కలు కత్తిరించింది. ఇలాంటి కత్తెర అందరూ వాడతారు. అయినా నీ మాట కొట్టెయ్యలేక పెద్దాయన్ని అడిగాను. ఆయన కనుబొమలు పైకి లేపి, "సభకి పదిహేడు రోజులుంది. చెత్త కెలక్కు, బొమ్మలు గీసుకో" అన్నారు.

కాబట్టి బొమ్మలు గీసుకుంటున్నాను. మంచి బొమ్మలు వస్తున్నాయి, ఎరుపూ నీలమూ వేసి.

ఉత్తరం అంటించబోతూ మళ్ళీ విప్పి రాస్తున్నాను. పొద్దుటి నుంచి ఒకటే ఆలోచన. కత్తెర పనేమిటి? ఉన్నట్టుండి ఎగిరినదాన్ని కత్తిరించడం. త్రేన్పు అంటే ఏమిటి? ఉన్నట్టుండి ఎగరడం! అంటే మేం త్రేన్పులన్నీ ముందే కత్తిరించి పారేసి, మిగిలినదాంట్లో త్రేన్పులు లేవని సంబరపడుతున్నామా? గీస్తున్న బొమ్మ అక్కడే ఆపేశాను పెద్దమ్మా. నువ్వు గెలిచావు. పెట్టె బోర్లిస్తున్నాను. దేవుడా, అందులో ఏమీ ఉండకూడదు!

నీ టపాకాయ

*

మార్చి 20

పెద్దమ్మా, ఉంది.

ఇరవై మూడో ముక్క. అంతకుముందు ఇరవై రెండూ అసలు సిసలు గాలివానలే. ఎక్స్‌రేలు పడే పళ్ళెం, అంటే మా ఫిల్ము, మొత్తం మసకమసక. ఒక్కోటి చూసి "ఇది మన తప్పే, ఇది మన తప్పే" అని పైకే అనుకుంటూ ఆనందపడుతున్నాను. ఇరవై మూడోది తెరిచాను. పళ్ళెమంతా ప్రశాంతంగా ఉంది. మధ్యలో మా తిండిపోతు ఉన్న చుక్క ఒక్కటే తెల్లగా మండిపోతోంది. రెండు సెకన్లలో పైకి లేచింది. నలభై సెకన్లు మెల్లగా దిగింది. దిగుతున్నంతసేపూ, పొయ్యి మీంచి దించిన గిన్నెలాగ చల్లారుతూ వచ్చింది. గాలివాన అలా చల్లారదు. అది త్రేన్పు! నేల ఉంది. నేల ఉంటే కృష్ణబిలం కాదు.

నా నల్లటిది పోయింది. నేనే నా చేత్తో తీసేసుకున్నాను. అయినా ఒక మాట చెప్పనా? దాన్ని చూసినప్పుడు మొదట ఏడుపు రాలేదు. అంత దూరంలో ఊరంత ముద్ద భగ్గుమనడం ప్రపంచం మొత్తంలో నా ఒక్కదానికే కనబడుతోంది కదా అని కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఏడుపు తర్వాత వచ్చింది.

నిన్న కాగితం మీద గీసి పెద్దాయన ముందు పెట్టాను. నిలబడే చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఈరోజంతా రాలేదు. సాయంత్రం తలుపుకి అంటించిన సభ పట్టిక చూశాను. నాలుగో తారీకు పదకొండు గంటల దగ్గర నా పేరు కొట్టేసి ఉంది. ఆయన పెన్నే, ఆకుపచ్చ సిరా.

నా పని అయిపోయింది పెద్దమ్మా. నీ మాట విన్నందుకు బాధ లేదు. కానీ భయంగా ఉంది.

నీ టపాకాయ

*

మార్చి 23

నా తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి గర్వంతో ఒళ్ళు ఉబ్బింది. రెండోసారి ఆకుపచ్చ సిరా దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండింది. ఆయనెవరే నా పిల్ల పేరు కొట్టెయ్యడానికి? తన చేత్తో తన లాభాన్ని తీసి బల్ల మీద పెట్టినదాన్ని నెత్తిన పెట్టుకోవాలా, చెప్పులు వేసుకుని వెళ్ళిపోవాలా?

నేను ఊరుకోలేదు. మీ ఆఫీసు అడ్రసుకే, ఆయనకే, ఒక ఉత్తరం రాసి పొద్దున్నే డబ్బాలో వేశాను. ఏం రాశానో నీకూ తెలియాలి కదా, చదువు:

"అయ్యా, తమరు పెద్దవారు, పెద్ద చదువులవారు. మా పిల్ల పెట్టె బోర్లించింది నా మాట మీద. కోపముంటే నా మీద చూపించండి. మా ఎక్స్‌రే గదిలో నెలకోసారి పాడైన ఫిల్ములన్నీ దీపం ముందు పెట్టి చూస్తాం. ఫిల్ము మొత్తం మసకబారితే తప్పు మాది, ఒక్కచోటే తేడా ఉంటే అది రోగిది. ఇది పాటించడం వల్ల మా పరువేం పోలేదు. తమరి నల్లది తెల్లదైతే అయింది. అది తెచ్చి చూపించిన పిల్ల పేరు కొట్టెయ్యడం మాత్రం తప్పు, తప్పున్నర. మరొక్క మాట. కోపాన్ని లోపలే పెట్టుకుని బయటికి నడిచిపోయేవాళ్ళకి ఛాతీలో ఇబ్బంది రావచ్చు. వీలు చూసుకుని ఒక ఎక్స్‌రే తీయించుకోండి. మా దగ్గరికి వస్తే నేనే తీస్తాను. ఇట్లు, పిల్ల పెద్దమ్మ."

మర్యాద ఎక్కడా తప్పలేదు, చూసుకున్నాను. నువ్వు ధైర్యంగా ఉండు. ఉద్యోగం పోతే నా గదిలోకి వచ్చెయ్, నీకు ఫిల్ము చదవడం ఎలాగూ వచ్చేసింది.

నీ పెద్దమ్మ

*

మార్చి 25

పెద్దమ్మా, పెద్దమ్మా, పెద్దమ్మా!

నా మొన్నటి ఉత్తరాన్ని పట్టించుకోకు! అంతా నా తొందరపాటు. పెద్దాయన వచ్చారు. ఇన్ని రోజులూ ఎక్కడికి పోయారనుకున్నావు? టెలిస్కోపు ఎప్పుడు ఎటు చూడాలో తేల్చే సంఘం ఒకటుంది. వాళ్ళ గుమ్మం ముందు కూర్చుని నా కాగితం చూపించి, నాలుగు రోజుల సమయం అడిగి తీసుకొచ్చారు! మిగతా పనులన్నీ ఆపి, నాలుగు రోజులూ మా తిండిపోతునే చూస్తారు. రేపే మొదలు.

నా పేరు కొట్టేసింది కూడా అందుకే. పదకొండు గంటలకి పావుగంటే ఇచ్చారు, అది సరిపోదని మధ్యాహ్నం గంటసేపు ఉండే చోటుకి మార్చారు. పట్టిక రెండో పేజీలో ఉందట! నేను మొదటి పేజీ చూసి ఏడ్చాను. ఎందుకు ముందే చెప్పలేదండీ అంటే, "చెప్పాల్సింది ఏముంది? వెళ్ళి తీసుకురావాలి, తెచ్చాను" అన్నారు. మనిషి అంతే.

ఒక్కటి దొరికింది ఏదో పొరపాటు అంటారు, రెండోది దొరికితే ఎవరూ నోరెత్తరు అన్నారాయన. కాబట్టి ఇప్పుడు అందరం త్రేన్పు కోసం ఎదురుచూస్తున్నాం. నా నల్లటిదాన్ని నేనే ఓడించాలని కోరుకుంటున్నాను, చూడు విచిత్రం!

దయచేసి నువ్వు తొందరపడి ఏమీ చెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు.

అన్నట్టు, అమ్మ దగ్గరనుంచి పార్సిలు వచ్చింది. అరుగుదల మందు, రెండు సీసాలు. "మీ పెద్దమ్మకి అజీర్తి, నీకు త్రేన్పులు ఆగిపోయాయని చదివాను. త్రేన్పు రాకపోవడం మంచిది కాదు, పూటకో చెంచా తాగు" అని చీటీ కూడా పెట్టింది.

ఒకటి అడగాలని ఉంది. దర్జీ తర్వాత ఆ పెట్టెలో ఇంకెవరైనా దొరికారా? అది నువ్వు రాయలేదు.

నీ టపాకాయ

*

మార్చి 28

టపాకాయా,

కొంప ముంచాను. నీ ఉత్తరం చూడగానే తపాలా ఆఫీసుకి పరిగెత్తాను, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. కౌంటర్లో అమ్మాయి "అయిదు రోజుల కిందటి ఉత్తరమా, ఈపాటికి వాళ్ళు చదివి మడిచి ఉంటారండీ" అంది. ఆయన కంటపడకముందే నువ్వు పట్టుకోగలిగితే పట్టుకుని నమిలి మింగెయ్. మంచివాడిని పట్టుకుని ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమన్నానే! తల ఎక్కడ పెట్టుకోను?

నువ్వు అడిగినదానికి జవాబు పదకొండు. పందొమ్మిదేళ్ళలో పదకొండు మంది. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. కొందరిని వెనక్కి పిలిపించి మళ్ళీ తీశాం, వైద్యం చేశారు, వాళ్ళిప్పుడు బజార్లో ఎదురైనా నేనెవరో వాళ్ళకి తెలియదు. బాగానే ఉంది. కానీ పదకొండు మందిని తలచుకుందామని కూర్చుంటే మెడలో టేపుతో అతనొక్కడే వచ్చి నిలబడతాడు. నేను చెప్పగానే పాపం బుద్ధిగా ఊపిరి బిగబట్టాడు. దగ్గు ఆపుకోలేకపోయినందుకు "క్షమించండమ్మా" అని కూడా అన్నాడు. అది రాయకుండా దాటేశాను మొన్న.

త్రేన్చిందా లేదా? వెంటనే రాయి. మీ అమ్మకి అసలు సంగతి చెప్పేశాను. ఇప్పుడు వీధిలో ఎవరు కనబడినా "మా పిల్లది ఇంకా త్రేన్చలేదు" అని చెబుతోంది. వాళ్ళు తలలూపి పోతున్నారు.

నీ పెద్దమ్మ

*

ఏప్రిల్ 5

పెద్దమ్మా!

త్రేన్చింది! త్రేన్చింది! త్రేన్చింది!

వరసగా చెప్పకపోతే నువ్వు తిడతావు, కాబట్టి వరసగా చెబుతాను. మొదటి రెండు రోజులూ ఏమీ లేదు. మూడో రోజు పొద్దున పదకొండు దాటింది. ఉపగ్రహం మా మీదికి రావడానికి కొన్ని నిమిషాలుంది. అందరం కంప్యూటరు ముందు గుమిగూడి గోళ్ళు కొరుక్కుంటున్నాం. సరిగ్గా అప్పుడు టపా వచ్చింది. పెద్దాయన ఒక కవరు చింపారు. దాని మీది దస్తూరి నాకు పది అడుగుల దూరం నుంచే తెలిసిపోయింది. ఆయనకి రాశానని నువ్వు చెప్పిన ఉత్తరం అప్పటికింకా నాకు అందలేదు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

ఆయన చదువుకున్నారు. కనుబొమలు పైకి పోయి అక్కడే ఉండిపోయాయి. తర్వాత గొంతు సవరించుకుని, మొదటినుంచీ అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టారు! ఛాతీ ఎక్స్‌రే దగ్గరికి వచ్చేసరికి గది గదంతా పడీపడీ నవ్వుతోంది. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ నవ్వుల మధ్యలో తెర మీద గీత దబ్బున పైకి లేచింది.

అందరం తెర మీదికి వంగాం. కత్తెర తీసేసి పెట్టాం కాబట్టి గీత మొత్తం వచ్చింది. రెండు సెకన్లలో పైకి, నలభై సెకన్లు కిందికి. చేతిలో నీ ఉత్తరం అలాగే పట్టుకుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మొత్తం మసకబారిందా, ఒక్కచోటేనా?" పళ్ళెం తెరిచి చూశాను. ఒక్కచోటే. "అయితే రోగిదే" అన్నారు. కూర్చోబోయి, కుర్చీ లేదని చూసుకుని, బల్ల మీదే కూర్చున్నారు.

నిన్న సభలో గంటసేపు మాట్లాడాను. "ఇది కృష్ణబిలం అని చెప్పడానికి ఈ సభకి పేరు ఇచ్చాను. ఇది కృష్ణబిలం కాదు. ఎందుకు కాదో నా చెత్తపెట్టె చెప్పింది" అని మొదలుపెట్టాను. ఇరవై మూడో ముక్క చూపించగానే వెనక వరసలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అయ్యాక నలుగురు వేరువేరు దేశాలవాళ్ళు వచ్చి, తమ పాత ముక్కలు కూడా వెళ్ళగానే తెరిచి చూస్తామన్నారు. వాళ్ళ నల్లవాటిలో ఎన్ని తెల్లవి ఉన్నాయో!

ఈరోజు పొద్దున మా గదిలో తెల్లబోర్డు మీద ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం ఉంది. "పెద్దమ్మ పెట్టె చూడకుండా ఇక్కడినుంచి ఏదీ బయటికి పోదు." ప్రతి శనివారం పొద్దున అందరం కూర్చుని కత్తిరించిన ముక్కలన్నీ తెరవాలట. ఇక్కడ ఎవరికీ నీ పేరు తెలియదు. అందరికీ నువ్వు పెద్దమ్మవే. నా ఉద్యోగం గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. కానీ జూలై నుంచి ఎవరు ఏది చూడాలో జాబితా అంటించారు. మొదటి వరస నాది. ఈసారి రెండు పేజీలూ చూశాను.

తనకి ఎక్స్‌రే అక్కర్లేదని, కానీ ఎప్పుడైనా ఆ ఊరు వస్తే నీ రిజెక్ట్ పెట్టె తప్పకుండా చూస్తాననీ నీకు చెప్పమన్నారు.

ఇంకొకటి. నిన్న సభ అయ్యాక బయట మెట్ల మీద కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను, "క్షమించండమ్మా" అన్న చోట ఆగిపోయాను. నువ్వు ఆ రోజు మూటలు విప్పకపోతే పెట్టె బోర్లించే అలవాటే ఉండేది కాదు. ఆ పదకొండు మందీ దొరికేవాళ్ళు కాదు. నా ఇరవై మూడో ముక్క వెండి మూటలోకే పోయేది. అతని ఫిల్ము నీ బీరువాలోనే ఉండనీ, తీసెయ్యమని నేననను. కానీ ఇన్నేళ్ళుగా రోజూ అంతమందికి చెబుతున్న మాటని నీకు చెప్పేవాళ్ళే లేకపోయారు. స్టాండు దగ్గర ఆయనకి చెప్పడం మరిచిపోయావే, ఆ మాట.

పందొమ్మిదేళ్ళయింది పెద్దమ్మా. ఇక వదులు.

నీ టపాకాయ